మానేసిన మొదటి వారం

తాగుడు మానమని చెప్పేవాళ్లకు మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో కొదవ లేదు. ఇంట్లో భార్య చెబుతుంది, ఊళ్లో మహిళా సంఘం చెబుతుంది, పోలీసులు తమ పద్ధతిలో చెబుతారు. ఈ తాలూకా ఉన్న గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది కాబట్టి ప్రభుత్వం కూడా చెప్పినట్టే. కానీ మానిన మనిషికి మర్నాడు చేతులు వణికితే, మూడో రోజు రాత్రి గోడ మీద లేని పురుగులను చూసి కేకలు పెడితే ఏం చేయాలో ఆ ఇంటివాళ్లకు చెప్పేవాళ్లు చాలా తక్కువ.

ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒళ్లు మందు ఉంటేనే కుదురుగా ఉండే స్థితికి వస్తుంది. ఉన్నపళంగా ఆపేస్తే మొదటి రోజే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి 48 గంటల లోపు ఫిట్స్ వస్తాయి. ఇంకొందరికి రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మతి తప్పుతుంది, జ్వరం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మన పల్లెల్లో మాత్రం గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తారు. లేదంటే 'ఓ గ్లాసు పోయండి, సర్దుకుంటాడు' అని పెద్దమనిషి ఎవరో సలహా ఇస్తాడు. ఆ గ్లాసుతో వణుకు తగ్గుతుంది, మానాలన్న సంకల్పం అక్కడితో సరి.

నిజానికి ఈ వారం గట్టెక్కించే వైద్యం ఖరీదైనది కాదు. డయజెపాం, లోరాజెపాం లాంటి మందులను డాక్టరు పర్యవేక్షణలో మొదలుపెట్టి కొద్ది రోజుల్లో తగ్గించుకుంటూ పోతారు. తోడుగా థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన ఆర్‌ఎంపీలకు నీరసంగా ఉన్నవాడు కనిపిస్తే గ్లూకోజ్ ఎక్కించడం అలవాటు. సరిగా తిండి లేక తాగుతూ వచ్చిన మనిషికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఈ ఒక్క సంగతి తాలూకాలోని ప్రతి ఆర్‌ఎంపీకీ చేరినా కొన్ని కుటుంబాలు బతికిపోతాయి.

మనవాళ్లలో చాలామంది మానేది ఆసుపత్రిలో కాదు, మాల వేసుకుని. మాలకు ముందు రాత్రి దాకా తాగి, తెల్లారి చన్నీళ్ల స్నానం చేసి దీక్ష పట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. భక్తిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. రోజూ తిట్లు తినే మనిషిని 41 రోజుల పాటు ఊరంతా 'స్వామీ' అని పిలుస్తుంది. తోటి స్వాములు పక్కన ఉంటారు, రోజుకో క్రమం ఉంటుంది, ఇంట్లో మర్యాద ఉంటుంది. ఏ కౌన్సెలింగ్ కేంద్రమైనా ఇవ్వాలని చూసేది ఇదే. చిక్కల్లా రెండు చోట్ల. రోజూ సీసా ఖాళీ చేసేవాడు దీక్షకు ముందు డాక్టరును కలవకపోతే ఆ మొదటి వారం ప్రమాదం అతన్నీ వదలదు. ఇక ఇరుముడి దించిన మర్నాటి నుంచి అతన్ని స్వామీ అని పిలిచేవాళ్లుండరు. తాగుడు మానేసినవాళ్లు ఒకరికొకరు తోడుగా నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు ఆ సాంగత్యాన్ని గడువు లేకుండా కొనసాగిస్తాయి. ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. మానేసిన ఇద్దరు ముగ్గురు వారానికోసారి గుడి అరుగు మీద కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

మద్యనిషేధం వద్దని మేం అనడం లేదు. గడ్చిరోలి ఆడవాళ్లు పోరాడి సాధించుకున్నది అది. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని చూసిన తెలుగువాళ్లం, ఆ కష్టం విలువ మనకు తెలియనిది కాదు. అయితే సిరొంచ నుంచి గోదావరి వంతెన దాటితే తెలంగాణలోని కాళేశ్వరం. అవతల మందు చట్టబద్ధం, ఇవతల నేరం. సీసా ఎటు నుంచి ఎటు వస్తుందో చంటిపిల్లాడినడిగినా చెబుతాడు. అడవి ఊళ్లలో ఇప్పసారా ఎలాగూ ఉంది. పొరుగున చంద్రపూర్‌లో 2015లో నిషేధం పెట్టారు, 2021లో ఎత్తేశారు. పెట్టినప్పుడూ ఎత్తేసినప్పుడూ చర్చంతా దుకాణం గురించే, ఆదాయం గురించే. తాగేవాడి వైద్యం గురించి ఇటువాళ్లూ అటువాళ్లూ పెద్దగా మాట్లాడలేదు. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేది 180 మందిలో ఒక్కరు.

జిల్లాలో ఏమీ జరగడం లేదనడం అన్యాయం. అభయ్ బంగ్, రాణీ బంగ్ డాక్టర్ దంపతుల సెర్చ్ సంస్థ ప్రభుత్వంతో, టాటా ట్రస్ట్స్‌తో కలిసి 2016 నుంచి ముక్తిపథ్ కార్యక్రమం నడుపుతోంది. మద్యంతో పాటు ఖర్రా (పొగాకు కలిపిన వక్క), తంబాకు మీద కూడా పనిచేస్తోంది. ఊళ్లలో శిబిరాలు, తాలూకాల్లో క్లినిక్‌లు పెడుతోంది. కానీ ఫిట్స్ క్లినిక్ రోజు చూసుకుని రావు. రాత్రి రెండు గంటలకు వస్తే జిల్లా కేంద్రం 200 కిలోమీటర్ల దూరం, ఆ రోడ్డు సంగతి వేరే చెప్పాలా? అంతకన్నా వరంగల్ దగ్గర.

నాందేడ్ వైపు ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ ఊళ్లకు మరో బెడద ఉంది. పక్కనున్న నిజామాబాద్ ప్రాంతపు కల్తీ కల్లు. అందులో కలిపే ఆల్ప్రాజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమత్తు మందులకు ఒళ్లు అలవాటు పడుతుంది. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు వందలాది మంది వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు పరుగెత్తారు. కల్తీని అరికట్టడం తప్పని ఎవరూ అనరు. కానీ దుకాణం మూయించే తేదీ ఎక్సైజ్ అధికారికి ముందే తెలుస్తుంది. ఆసుపత్రి సూపరింటెండెంటుకు కూడా ఓ ఫోన్ చేస్తే ఏం పోతుంది? ఈ మత్తును కూడా కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించాలే తప్ప ఒక్కరోజులో కాదు.

రహస్యంగా అన్నంలో కలిపే 'మాన్పించే బిళ్ల' గురించి కూడా చెప్పాలి. అది చాలాసార్లు డైసల్ఫిరాం. దాన్ని మింగిన మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అతనికి తెలిసి, అతను ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మందు అది. తాగాలన్న యావను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివీ ఉన్నాయి. ఎవరికి ఏది సరిపోతుందో కాలేయం పరీక్ష చూసి డాక్టరు చెబుతారు. మనిషిని గదిలో పెట్టి తాళం వేసి, కొట్టి మాన్పిస్తామనే సెంటర్లకు అప్పు చేసి డబ్బు కట్టొద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే సమస్యలను కూడా తన పరిధిలోకి తెచ్చింది. రోగిని గొలుసులతో కట్టేయకూడదంది. అలాంటి కేంద్రాలు రిజిస్టర్ కావాలంది.

నిషేధం ఉన్న జిల్లాలో తాగుతానని ఒప్పుకోవడానికి భయం ఉంటుంది. గంజాయి, ఇతర మత్తుమందులు వాడేవాళ్లు తమంతట తాము చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కోరే వీలును ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టంలోని 64ఏ సెక్షన్ కల్పించింది. చికిత్సకు వచ్చిన తాగుబోతును ఎక్కడ కొన్నావని పోలీసులు ఆరా తీయరని జిల్లా కలెక్టర్ రాతపూర్వకంగా ప్రకటించాలి.

భాష సంగతి దీనికన్నా చిన్నదేం కాదు. సిరొంచలో ఇళ్లలో మాట్లాడేది తెలుగు, ఆసుపత్రి కాగితాలు మరాఠీ. బడిలో మరాఠీ నేర్చుకున్నాడని పదేళ్ల కొడుకు చేతనే తండ్రి తాగుడు సంగతి, తల్లి తిన్న దెబ్బల సంగతి డాక్టరుకు చెప్పించడం ఎంత అన్యాయం! మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీమానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. వ్యసనాల సలహాకు జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది. ఈ రెండు నంబర్లూ తెలుగులో రాసిన బోర్డు ఆసుపత్రి గేటు దగ్గరే కాదు, బస్టాండులోనూ, కిరాణా కొట్ల ముందూ ఉండాలి.

మేం అడిగేది పెద్ద డీఅడిక్షన్ భవనం కాదు. సిరొంచ గ్రామీణ ఆసుపత్రిలో ఎప్పుడూ ఖాళీగా ఉంచే రెండు మంచాలు, అయిపోకుండా థయమిన్, లోరాజెపాం నిల్వ, ఆ వారం ఎలా నడపాలో శిక్షణ పొందిన నర్సు, తెలుగు, గోండి వచ్చిన ఒక కౌన్సెలర్. మంచిర్యాల, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి మానసిక వైద్యులను వారానికోసారి వీడియోలో సలహా అడగడానికి రెండు రాష్ట్రాలూ ఒప్పందం చేసుకోవచ్చు. వంతెన మీద తనిఖీలకు కలిసే అధికారులు దీనికీ కలవగలరు.

ఇంటికెళ్లాక మళ్లీ తాగేవాళ్లుంటారు. షుగర్ పెరిగిందని వచ్చిన రోగిని ఎవరూ వెనక్కి పంపరు, వీళ్లనీ పంపకూడదు. మొదటి ఏడాదంతా ఆశా కార్యకర్త పలకరింపు ఉండాలి, దానికి ఆమెకు విడిగా డబ్బు ఇవ్వాలి.

తాగే ఆడవాళ్ల గురించి ఈ చర్చల్లో ఎవరూ ఎత్తరు. కల్లు, ఇప్పసారా తాగే ఆడవాళ్లు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు. మగవాళ్ల వరసలో శిబిరంలో కూర్చోమంటే వాళ్లు రారు. గర్భిణుల పరీక్షలకు వచ్చే రోజున ఏఎన్‌ఎం చాటుగా, తిట్టకుండా ఆ ప్రశ్న అడగగలదు. అడిగాక పంపడానికి ఒక చోటు ఉండాలి, అందుకే ఆ రెండు మంచాల్లో ఒకటి ఆడవాళ్ల వార్డులో వేయాలి.