నేలలో ఉన్నంత మాత్రాన మనదైపోదు

ఎక్కడో బంగారం బయటపడిందనో, లిథియం దొరికిందనో వార్త వస్తే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో పండగే. 2023లో జమ్మూలోని రియాసి దగ్గర 59 లక్షల టన్నుల లిథియం అన్నప్పుడూ అంతే. దేశం దశ తిరిగిపోయిందన్నారు. ఆ అంకె లోహానిది కాదు, ముడిఖనిజానిది. అదీ తొలి అంచనా. అందులోంచి లిథియాన్ని రాబట్టే పద్ధతి గిట్టుబాటు అయితేనే అది సంపద, లేకపోతే ఉత్త మట్టి.

ఈ రెండో సగం గురించి ఎవరూ మాట్లాడరు. నా బాధ అదే. తవ్వడం మైనింగ్. తవ్వి తెచ్చిన రాయిలోంచి లోహాన్ని విడదీసి, శుద్ధి చేసి, పనికొచ్చే గుణం తెప్పించేది మెటలర్జీ.

భీమిలి బీచ్‌లో అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. చిన్నప్పుడు పాత స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతానికి దారం కట్టి అందులో లాగేవాళ్లం. గడ్డం మొలిచినట్టు నల్ల రేణువులు అంటుకునేవి. అది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. అంటుకోకుండా మిగిలినవే విలువైనవని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది: జిర్కాన్, మోనజైట్.

ఇలాంటి ఇసుకల్లోని జిర్కాన్‌లో జిర్కోనియం అనే లోహం ఉంటుంది. దాన్ని అంటిపెట్టుకుని నూటికి రెండు వంతుల దాకా హాఫ్నియం అనే మరో లోహం. రసాయనికంగా రెండూ కవల పిల్లలు. కానీ అణు రియాక్టర్‌లో ఇంధనాన్ని పెట్టే గొట్టానికి జిర్కోనియమే కావాలి, అది రియాక్టర్‌ను నడిపే న్యూట్రాన్లను వెళ్లనిస్తుంది. హాఫ్నియం మింగేస్తుంది. అందుకని హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఆ ఇసుకను క్షారంతో కాల్చి, నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, కిరోసిన్ కలిపిన ద్రావకంతో ఆ కవలల్ని విడదీస్తారు. తర్వాత క్లోరైడ్‌గా మార్చి మెగ్నీషియంతో వేడి చేస్తే లోహం స్పాంజ్‌లా వస్తుంది. దాన్ని కరిగించి గొట్టాలు చేస్తారు. మన ఊళ్లో, మనవాళ్లు, దశాబ్దాలుగా చేస్తున్న పని ఇది. ఆ దారిన రోజూ బస్సులో వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

మోనజైట్ సంగతికొస్తే కడుపు మండుతుంది. రాష్ట్రాలవారీగా చూస్తే దేశంలో దాని నిల్వలు అందరికంటే ఎక్కువగా ఉన్నది ఆంధ్ర తీరంలోనే. ఎలక్ట్రిక్ బండి మోటార్లో అయస్కాంతానికి కావలసిన నియోడిమియం అందులో ఉంది. అయినా 2025 ఏప్రిల్‌లో చైనా ఆ అయస్కాంతాల ఎగుమతికి కళ్లెం వేయగానే మన బండ్ల కంపెనీలకు టెన్షన్ మొదలైంది. మోనజైట్‌లో రేడియోధార్మికత ఉన్న థోరియం ఉంటుంది కాబట్టి ఆంక్షలు తప్పవు, ఒప్పుకుంటాను. కానీ చైనాది ఇసుక బలం కాదు, విడదీసే బలం. నియోడిమియంలాంటి, ఒకేలా ప్రవర్తించే డజనుకు పైగా మూలకాలను వందల ట్యాంకుల్లో మళ్లీ మళ్లీ కడిగి వేరుచేయడం వాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. విశాఖలో 2023లో మొదలైన మన అయస్కాంతాల ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. అవి సమేరియం కోబాల్ట్‌వి, బండ్ల మోటార్లకు మామూలుగా వాడేవి కావు. మంచి మొదలే, కానీ ఎంత చిన్నది!

ఇక మనుషుల్ని ఎలా తయారు చేస్తున్నాం? కౌన్సెలింగ్‌లో నాకు మెటలర్జీ సీటు వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. "కంప్యూటర్స్ రాలేదా నాన్నా?" అని పెద్దమ్మ జాలిగా అడిగింది. "అయితే గనుల్లోకి దిగాలా?" అన్నాడు మామయ్య. వాళ్లను తప్పుపట్టను, వాళ్లకు ఎవరు చెప్పారు గనుక? కాలేజీ మాత్రం నాకు చెప్పాలి కదా. మా ల్యాబ్‌లో ఇండక్షన్ ఫర్నేస్, అంటే కరెంటుతో లోహాన్ని కరిగించే కొలిమి, ఉండేది, మీద గుడ్డ కప్పి. కరెంటు బిల్లు ఎక్కువవుతుందని నాలుగేళ్లలో ఒక్కసారీ వెలిగించలేదు. రికార్డుల్లో రీడింగులు మాత్రం సీనియర్ల పుస్తకం చూసి రాసేవాళ్లం. కరిగిన లోహాన్ని నేను మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరిన మూడో రోజున. అప్పటికే డిగ్రీ పట్టా చేతికొచ్చి రెండు నెలలైంది.