గోల్డెన్ అవర్ సరే, మొదటి అయిదు నిమిషాల మాటేంటి?

మోటారు వాహనాల చట్టం 'గోల్డెన్ అవర్'ను నిర్వచించింది: తీవ్ర గాయమైనప్పటి నుంచి ఒక గంట, వైద్యం అందితే ప్రాణం నిలిచే అవకాశం ఎక్కువగా ఉండే సమయం. తొడలోని పెద్ద ధమని తెగినవాడికి అంత సమయం ఉండదు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేదే సుమారు అయిదు లీటర్ల రక్తం. రెండు లీటర్లు పోతే ప్రాణం మీదికి వచ్చినట్టే. అలాంటి గాయంలో అందుకు కొద్ది నిమిషాలు చాలు.

మనవాళ్లు ఏమీ చేయలేదని కాదు. 2005లో హైదరాబాద్‌లో 108 మొదలైంది. సాయం చేసినవాళ్లను కేసుల్లోకి లాగకుండా 2019 సవరణ రక్షణ ఇచ్చింది. 2025లో రోడ్డు ప్రమాద బాధితులకు లక్షన్నర దాకా నగదు రహిత చికిత్స వచ్చింది. ఇవన్నీ మనిషిని ఆస్పత్రికి చేర్చడం, అక్కడి ఖర్చు చుట్టూ తిరిగేవే. సాయానికి ధైర్యం ఇచ్చాం గానీ, చేతులకు పని నేర్పలేదు.

ప్రమాదం జరిగితే చుట్టూ చేరినవాళ్లు నీళ్లు తాగించబోతారు, కర్చీఫ్ తీసి కాలికి కడతారు. వదులు కట్టుతో మేలు కంటే కీడే ఎక్కువ. అది పైపైన ఉన్న సిరలను మూస్తుంది, లోపలి ధమనిని ఆపలేదు. వచ్చే రక్తం వస్తూనే ఉంటుంది, గుండెకు తిరిగి వెళ్లే దారి మూసుకుపోయి గాయం నుంచి ఇంకా కారుతుంది. చున్నీయో తువ్వాలో గాయం మీద పెట్టి, రెండు చేతులతో ఒంటి బరువంతా వేసి నొక్కాలి. ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూడకూడదు, అప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోతుంది. ఇంతే విద్య. అమెరికాలో 2015 నుంచి 'స్టాప్ ద బ్లీడ్' పేరుతో మామూలు జనానికి నేర్పుతున్నది ప్రధానంగా ఇదే, దీంతోపాటు టోర్నికే (ధమని కూడా మూసుకునేంత గట్టిగా కాలికో చేతికో వేసే పట్టీ) బిగించడం.

లోపలి రక్తస్రావం నొక్కితే ఆగదు. దానికి ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఉంది, ఖరీదైనదేమీ కాదు. 40 దేశాల్లో 20 వేల మందికి పైగా క్షతగాత్రులపై జరిగిన క్రాష్-2 అధ్యయనం వివరాలను విశ్లేషించి 2011లో తేల్చారు: మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావ మరణాలు తగ్గుతాయి, ఆ తర్వాత ఇస్తే పెరగవచ్చు. అందుకే ఈ మందు అంబులెన్స్‌లోనే పడాలి, క్యాజువాలిటీ దాకా ఆగకూడదు.

గాయాన్ని నొక్కి పట్టే విద్యను ముందుగా హైవే పోలీసులకు, ధాబాల్లో పనిచేసేవాళ్లకు నేర్పండి. తర్వాత లైసెన్స్ పరీక్షలో పెట్టండి. టూవీలర్‌కి 'ఎనిమిది' వేయించి చూస్తున్నారుగా, ఆ పక్కనే బొమ్మ కాలు ఒకటి ఉంచి నొక్కి చూపించమంటే మనిషికి రెండు నిమిషాలు పడుతుంది.