పోలండ్ కోసం మొదలైన యుద్ధం, పోలండ్ లేకుండా జరిగిన పంపకాలు

రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే అమెరికా, బ్రిటన్ ఒకవైపు, సోవియట్ యూనియన్ ఇంకోవైపు ఎందుకు చీలిపోయాయంటే మనలో చాలామందికి స్కూల్ రోజుల నుంచి తెలిసిన జవాబు ఒకటే, వీళ్ళు పెట్టుబడిదారులు, వాళ్ళు కమ్యూనిస్టులు, హిట్లర్ అడ్డు తొలగాక కొట్టుకోకుండా ఎలా ఉంటారు అని. ఇది అబద్ధమని నేను అనట్లేదు. కానీ ఆ తేడా 1941లో కూడా అలాగే ఉంది కదా, అయినా నాలుగేళ్ళు భుజం భుజం కలిపి యుద్ధం చేశారు, ఓడల కొద్దీ ట్రక్కులు, తిండి, బూట్లు అమెరికా నుంచి రష్యాకి వెళ్ళాయి. మరి 1945 ఫిబ్రవరిలో ఒకే బల్ల చుట్టూ కూర్చుని నవ్వుతూ ఫొటో దిగినవాళ్ళు అదే ఏడాది ఆగస్టు వచ్చేసరికి ఒకరి కాగితాన్ని ఒకరు నమ్మని స్థితికి ఎలా వచ్చారు?

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. యుద్ధం నడుస్తున్నంత కాలం స్నేహం చెడకూడదని ఎవరికి కావాల్సినట్టు వాళ్ళు చదువుకోగలిగే మాటలు ఒప్పందాల్లో రాసుకున్నారు, శాంతి చర్చల్లో ఆ మాటల అర్థం తేల్చాల్సి వచ్చేసరికి ఎవరి అర్థం వాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. రెండు విషయాల్లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది, ఒకటి పోలండ్ ప్రభుత్వం, రెండోది జర్మనీ కట్టాల్సిన నష్టపరిహారం. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు గానీ యూరప్‌ని నిజంగా రెండుగా కోసింది రెండోదే అని నాకనిపిస్తుంది.

ముందు పోలండ్ సంగతి. 1939 సెప్టెంబర్ 1న జర్మనీ పోలండ్ మీద పడింది, 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది, 17న తూర్పు వైపు నుంచి సోవియట్ సైన్యం కూడా వచ్చి తన వాటా తను తీసుకుంది. పోలండ్ ప్రభుత్వం చివరికి లండన్ చేరింది. 1941లో హిట్లర్ రష్యా మీదకి వెళ్ళాక, పోలండ్‌ని పంచుకున్న ఇద్దరిలో ఒకడు ఒక్కసారిగా మిత్రుడైపోయాడు, ఆ చిక్కుముడి చివరిదాకా విడలేదు. 1943 ఏప్రిల్‌లో కాటిన్ అడవిలో పోలిష్ ఆఫీసర్ల శవాలు దొరికాయని జర్మన్లు ప్రకటించారు, దాని మీద విచారణ కావాలని లండన్‌లోని పోలండ్ ప్రభుత్వం అడిగితే స్టాలిన్ వాళ్ళతో సంబంధాలే తెంచేసుకున్నాడు. అక్కడా, ఇంకొన్ని చోట్లా కలిపి 1940లో దాదాపు 22,000 మందిని చంపింది సోవియట్ రహస్య పోలీసులేనని మాస్కో ఒప్పుకోవడానికి 1990 దాకా పట్టింది. అప్పట్లో బ్రిటన్ ప్రధాని చర్చిల్, అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఈ విషయాన్ని గట్టిగా అడగలేదు, జర్మన్ సైన్యంలో ఎక్కువ భాగాన్ని ఎదుర్కొంటున్నది ఎర్రసైన్యమే, అంటే సోవియట్ సైన్యమే కాబట్టి.

అదే ఏడాది చివర్లో టెహ్రాన్‌లో ముగ్గురు నాయకులూ కలిసినప్పుడు చర్చిల్ మూడు అగ్గిపుల్లలు తీసుకుని బల్ల మీద జరిపి చూపించాడు, సోవియట్ బోర్డర్ పడమటికి, పోలండ్ పడమటికి, జర్మనీ ఇంకా పడమటికి. తూర్పున రష్యాకి పోయిన నేలకి బదులు పోలండ్‌కి జర్మనీ నేల ఇద్దామని. స్టాలిన్‌కి బాగా నచ్చింది. ఆ గదిలో పోలండ్ వాడు ఒక్కడు కూడా లేడు, లక్షల మంది ఇళ్ళు ఏ దేశంలో ఉండాలో అగ్గిపుల్లలతో తేల్చారని చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

1945 ఫిబ్రవరి 4 నుంచి 11 దాకా క్రిమియాలోని యాల్టాలో ముగ్గురూ మళ్ళీ కలిసేసరికి ఎర్రసైన్యం ఓడర్ నది దగ్గర ఉంది, బెర్లిన్‌కి 70 కిలోమీటర్ల దూరంలో. పోలండ్ దాదాపు మొత్తం వాళ్ళ చేతుల్లో ఉంది, వార్సాలో స్టాలిన్ మనుషుల ప్రభుత్వం అప్పటికే నడుస్తోంది. పోలండ్ తమకి గౌరవం సమస్య అని చర్చిల్ అన్నాడు, మాకు గౌరవంతో పాటు భద్రత సమస్య కూడా, 30 ఏళ్ళలో రెండుసార్లు జర్మన్లు ఆ దారినే వచ్చారు అన్నాడు స్టాలిన్. ఈ మాటలో నిజం ఉందని ఒప్పుకోవాలి, యుద్ధంలో 2.7 కోట్ల మంది చచ్చిపోయిన దేశం అది. చివరికి ఏం రాసుకున్నారంటే, ఇప్పుడున్న ప్రభుత్వాన్ని పోలండ్ లోపలి, బయటి ప్రజాస్వామ్య నాయకుల్ని కలుపుకుని ఇంకా విశాలమైన పునాది మీద పునర్వ్యవస్థీకరించాలి, వీలైనంత త్వరగా స్వేచ్ఛగా ఎన్నికలు పెట్టాలి. ఎంత మందిని కలపాలి? ఎవరు ప్రజాస్వామ్య నాయకుడు, ఎవరు కాదు, అది ఎవరు చెప్పాలి? ఎన్నికల్ని ఎవరు చూసుకోవాలి? ఒక్కదానికీ జవాబు రాయలేదు. ఎన్నికలు ఎప్పుడని రూజ్వెల్ట్ అడిగితే యుద్ధరంగంలో ఏదైనా విపత్తు వస్తే తప్ప ఒక నెలలో పెట్టొచ్చన్నాడు స్టాలిన్. అవి జరిగింది 1947 జనవరిలో, అదీ రిగ్గింగ్‌తో.

ఈ మాటల్లో ఉన్న సాగుడు అమెరికా వాళ్ళకి తెలియక కాదు. రూజ్వెల్ట్ పక్కనున్న అడ్మిరల్ లేహీ ఆ కాగితం చూసి, ఇది ఎంత సాగుతుందంటే రష్యా వాళ్ళు ఒక్క అక్షరం తప్పకుండానే దీన్ని యాల్టా నుంచి వాషింగ్టన్ దాకా లాగొచ్చు అన్నాడు. తెలుసు, కానీ ఇప్పుడు పోలండ్‌కి నేను చేయగలిగింది ఇంతే అని రూజ్వెల్ట్ జవాబు. పాపం ఆయన చేతిలో ఏమంత లేదు, జపాన్ మీద యుద్ధానికి రష్యా సాయం కావాలి, ఐక్యరాజ్య సమితిలోకి రష్యా రావాలి, పోలండ్‌లో అమెరికన్ సైనికుడు ఒక్కడూ లేడు. కానీ ఇంటికెళ్ళి అమెరికన్ కాంగ్రెస్‌కి మాత్రం దీన్ని పెద్ద విజయంగానే చెప్పాడు. నా దృష్టిలో అసలు తప్పు అక్కడుంది. ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే, తర్వాత అదంతా నమ్మకద్రోహం అని అమెరికా జనానికి అనిపించేది కాదు.

స్టాలిన్ వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి, ఇది మన దగ్గర పెద్దగా ఎవరూ రాయరు. 1943లో ఇటలీ లొంగిపోయినప్పుడు అక్కడి పాలనలో రష్యాకి అసలు చోటే ఇవ్వలేదు, ఏదో సలహా కమిటీలో కుర్చీ వేశారంతే. 1944 అక్టోబర్‌లో చర్చిల్ స్వయంగా మాస్కో వెళ్ళి ఒక చిన్న కాగితం మీద రుమేనియాలో మీకు 90 శాతం, గ్రీసులో మాకు 90 శాతం, యుగోస్లావియాలో సగం సగం అని రాసి ఇచ్చాడు, స్టాలిన్ నీలం పెన్సిల్‌తో టిక్ పెట్టాడు. ఆ డిసెంబర్‌లో ఏథెన్స్ వీధుల్లో బ్రిటిష్ సైన్యం కమ్యూనిస్టుల్ని కాల్చినా స్టాలిన్ ఒక్క మాట అనలేదు. సో, ఎవరి సైన్యం ఎక్కడుంటే అక్కడ వాళ్ళ రూల్ అని అతను అర్థం చేసుకున్నాడు, అలా అర్థం చేసుకోవడానికి కావాల్సిన సాక్ష్యమంతా చర్చిలే చేతికిచ్చాడు. గ్రీసు గురించి నేను అడగనప్పుడు పోలండ్ గురించి మీరెందుకు అడుగుతున్నారు అనేది అతని ప్రశ్న. న్యాయమైన ప్రశ్న అని నేననను, పోలండ్ ప్రజల వైపు నుంచి చూస్తే రెండూ అన్యాయమే, కానీ ఆ ప్రశ్న నటన మాత్రం కాదు.

మార్చిలో పోలండ్ అండర్‌గ్రౌండ్ నాయకులు 16 మందిని సోవియట్ అధికారులు చర్చలకని పిలిచి అరెస్ట్ చేసి మాస్కోకి పట్టుకుపోయారు. ఏప్రిల్ 12న రూజ్వెల్ట్ చనిపోయాడు, విదేశీ వ్యవహారాల్లో అనుభవం దాదాపు లేని ట్రూమన్ అధ్యక్షుడిగా వచ్చాడు, ఏప్రిల్ 23న సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్‌తో కటువుగా మాట్లాడాడు. రెండ్రోజులకి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్య సమితి సభ మొదలైతే అందులో పోలండ్‌కి సీటు లేదు, ఎందుకంటే ఏ పోలండ్ ప్రభుత్వాన్ని పిలవాలో పెద్దలకి కుదరలేదు. మే నెలలో జర్మనీ లొంగిపోయిన కొద్ది రోజులకే అమెరికా రష్యాకి పంపే సరుకులు ఆపేసింది, సముద్రంలో ఉన్న ఓడల్ని కూడా వెనక్కి పిలిచారు, తర్వాత కొంత సర్దుకున్నారు గానీ జరగాల్సిన డ్యామేజ్ జరిగిపోయింది. అదే మే నెలలో రష్యా మీద యుద్ధం చేయాల్సొస్తే ఎలా ఉంటుందో ప్లాన్ గీయమని చర్చిల్ తన సైనికాధికారులకి చెప్పాడు, అందులో ఓడిపోయిన జర్మన్ సైనికుల్ని కూడా వాడుకునే ఆలోచన ఉంది. బెర్లిన్‌లో ఇంకా పొగ కూడా ఆరలేదు అప్పటికి.

ఇక బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్‌లో మూడు దేశాల నాయకుల సమావేశం. జులై 17న మొదలై ఆగస్టు 2న ముగిసింది. అణుబాంబు పరీక్ష జులై 16న విజయవంతం అయిందని, ట్రూమన్ ఆ ధైర్యంతో మాట్లాడాడని అందరూ రాస్తారు, స్టాలిన్‌కి గూఢచారుల ద్వారా ఆ ప్రాజెక్ట్ సంగతి ముందే తెలుసు కాబట్టి నేను దాన్ని అంత పెద్ద మలుపుగా చూడను. మధ్యలో బ్రిటన్ ఎన్నికల్లో చర్చిల్ ఓడిపోయి కొత్త ప్రధాని అట్లీ వచ్చి కూర్చున్నాడు. అసలు కథ నష్టపరిహారం దగ్గర ఉంది.

యాల్టాలో జర్మనీ నుంచి మొత్తం 2,000 కోట్ల డాలర్లు, అందులో సగం రష్యాకి అన్న అంకెని చర్చకు ప్రాతిపదిక అని రాసుకున్నారు. రష్యా దాన్ని మాట ఇచ్చినట్టు తీసుకుంది, అమెరికా మాట్లాడుకుందాం అన్నట్టు తీసుకుంది, బ్రిటన్ అయితే ఆ అంకెనే ఒప్పుకోలేదు. రష్యా లెక్క ప్రకారం వాళ్ళ పట్టణాలు 1,710, ఊళ్ళు 70,000 పైగా నాశనమయ్యాయి, ఆ డబ్బుతోనే మళ్ళీ కట్టుకోవాలి. అమెరికా భయం వేరే, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ కట్టిన పరిహారంలో చాలా భాగం అమెరికా అప్పులతోనే కట్టింది, ఆ అప్పులు మునిగిపోయాయి. మళ్ళీ మేం జర్మనీలోకి డబ్బు, తిండి పోస్తుంటే అటువైపు నుంచి రష్యా ఫ్యాక్టరీలు పీక్కుపోవడమా అని. రెండు భయాలూ నిజమైనవే, అందుకే ఎవరూ వెనక్కి తగ్గలేదు.

అప్పుడు అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బర్న్స్ ఒక దారి చెప్పాడు. జర్మనీలో ఎవరి సైన్యం పాలిస్తున్న భాగంలో, అంటే ఎవరి జోన్‌లో ఉన్నది వాళ్ళు తీసుకోండి, పశ్చిమ జోన్లలో అక్కర్లేని ఫ్యాక్టరీ యంత్రాల్లో 10 శాతం ఊరికే, ఇంకో 15 శాతం తిండి, బొగ్గు లాంటి వాటికి బదులుగా రష్యాకి ఇస్తాం, దాంతోపాటు పోలండ్ పడమటి బోర్డర్‌ని ఓడర్, పశ్చిమ నైసే నదుల దాకా ప్రస్తుతానికి ఒప్పుకుంటాం. అయితే ప్రతి దేశానికీ తన జోన్‌లో పూర్తి స్వేచ్ఛ ఉంటుందా, మిగతావాళ్ళతో సంబంధం లేకుండా చేసుకోవచ్చా అని మొలొటోవ్ అడిగాడు. సారాంశంలో అంతే అన్నాడు బర్న్స్. నా లెక్కలో జర్మనీ రెండు ముక్కలైంది ఈ ప్రశ్నా జవాబుల దగ్గరే, 1948 బెర్లిన్ దిగ్బంధం దగ్గర కాదు, 1949లో రెండు ప్రభుత్వాలు ఏర్పడినప్పుడూ కాదు. విచిత్రం ఏంటంటే అదే పోట్స్‌డామ్ ఒప్పందంలో జర్మనీని ఒకే ఆర్థిక యూనిట్‌గా చూడాలి అని కూడా రాసి ఉంది, రెండూ ఒకే కాగితంలో ఎలా పొసుగుతాయో ఎవరూ అడగలేదు.

ఇంకా ముందుకెళ్ళి, విదేశాల్లో ఉన్న జర్మన్ ఆస్తుల్ని పంచుకోవడానికి కూడా ఒక గీత గీద్దామన్నాడు స్టాలిన్, ఆ గీతకి తూర్పున ఉన్నవి మావి, పడమట ఉన్నవి మీవి. బాల్టిక్ నుంచి ఏడ్రియాటిక్ దాకానా అని ట్రూమన్ అడిగితే అవునన్నాడు. ఏడు నెలల తర్వాత 1946 మార్చి 5న అమెరికాలోని ఫుల్టన్‌లో చర్చిల్ బాల్టిక్ నుంచి ఏడ్రియాటిక్ దాకా ఇనుప తెర దిగిందని ప్రసంగించి ప్రపంచాన్ని కదిలించాడు. ఆ గీత దాదాపుగా ఆస్తుల లెక్క కోసం ఇద్దరూ కలిసి ఒప్పుకున్నదే, ఒక్క మాస్కోనే గీసింది కాదు.

తర్వాతదంతా వేగంగా నడిచింది. 1946 మేలో అమెరికా తన జోన్ నుంచి పరిహారం పంపడం ఆపేసింది, సెప్టెంబర్‌లో బర్న్స్ స్టుట్‌గార్ట్‌లో మాట్లాడుతూ పోలండ్ పడమటి బోర్డర్ ఇంకా ఫైనల్ కాదన్నాడు, 1947 జనవరి 1న అమెరికా, బ్రిటన్ జోన్లు కలిసిపోయాయి. ఇటలీ, రుమేనియా లాంటి చిన్న శత్రువులతో 1947 ఫిబ్రవరిలో ప్యారిస్‌లో ఒప్పందాలు కుదిరాయి గానీ జర్మనీ ఒప్పందం మాత్రం కుదరలేదు.

ఇక్కడ మన దేశానికి ఉన్న ఒక లింకు చెప్పాలి, తెలుగులో దీని గురించి చాలా తక్కువ చదివాను. 1940, 41లో సోవియట్‌లు తూర్పు పోలండ్ నుంచి సైబీరియా వైపు తరలించిన కుటుంబాల్లో కొన్ని ఇరాన్ మీదుగా బయటపడి మన దగ్గరికి వచ్చాయి. జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో అక్కడి మహారాజు వందల మంది పిల్లలకి ఆశ్రయం ఇచ్చాడు, కొల్హాపూర్ దగ్గర వలివడే క్యాంపులో దాదాపు 5,000 మంది ఉన్నారు, స్కూళ్ళు, చర్చి, స్కౌట్లు అన్నీ నడుపుకున్నారు. ఇటలీలో మోంటే కాసినో దగ్గర 1944లో భారత సైనికులు, పోలిష్ సైనికులు ఒకే కొండ కోసం ప్రాణాలిచ్చారు. యాల్టా నిర్ణయంతో ఈ కుటుంబాల్లో చాలామంది సొంత ఊళ్ళు సోవియట్ యూనియన్‌లోకి వెళ్ళిపోయాయి, తిరిగి వెళ్దామంటే వెళ్ళడానికి తమ దేశంలో తమ ఊరు లేదు, అందుకే చాలామంది బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్లకి వెళ్ళిపోయారు. పెద్ద దేశాల మధ్య పోటీ అని మనం తేలిగ్గా రాసే మాటకి ధర కట్టింది వీళ్ళు.

అప్పుడు పోలండ్ గురించి అంత మెత్తగా రాసుకోవడం తప్ప వేరే దారి లేదు అనేవాళ్ళున్నారు. ఎర్రసైన్యాన్ని పోలండ్ నుంచి పంపించే దారి లేదన్నది నిజం. కానీ ఎన్నికల్ని మూడు దేశాల ప్రతినిధులూ చూసుకోవాలన్న ఒక్క వాక్యం కోసం యాల్టాలో గట్టిగా పట్టుబట్టి ఉండొచ్చు, అలా అడిగితే పోలండ్‌కి అవమానం అని మొలొటోవ్ అడ్డుపడ్డాడు, అమెరికా వదిలేసింది. పట్టుబట్టినా స్టాలిన్ ఒప్పుకునేవాడు కాదేమో, కనీసం ఎవరు ఏమనుకుంటున్నారో అప్పుడే తెలిసిపోయేది, ఆ అనుమానం నెలల తరబడి పెరిగేది కాదు.

జర్మనీతో తుది ఒప్పందం 1990 సెప్టెంబర్ 12న మాస్కోలో కుదిరింది, అంటే పోట్స్‌డామ్‌లో తుది శాంతి ఒప్పందం దాకా వాయిదా వేసిన పోలండ్ పడమటి బోర్డర్ 45 ఏళ్ళు అలాగే వేలాడింది. ఆ చర్చలు రెండు జర్మనీలకీ, నాలుగు పెద్ద దేశాలకీ (అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్) మధ్యే అనుకున్నారు, కానీ పోలండ్ ఈసారి ఊరుకోలేదు, మా బోర్డర్ గురించి మాట్లాడేటప్పుడు మేం ఉండాల్సిందే అని గట్టిగా అడిగింది. జులైలో ప్యారిస్‌లో జరిగిన సమావేశానికి పోలండ్ విదేశాంగ మంత్రి స్కుబిషెవ్‌స్కీ వచ్చి కూర్చున్నాడు, నవంబర్ 14న జర్మనీ, పోలండ్ నేరుగా సంతకాలు పెట్టుకుని ఆ బోర్డర్‌ని ఖాయం చేసుకున్నాయి.