నూటికి నూరు తెచ్చుకున్న ఇంజిన్

ధ్వని కంటే వేగంగా ఎగిరే సూపర్‌సానిక్ ప్రయాణ విమానానికి ఏ ఇంజిన్ మంచిదో తేల్చే పట్టిక ఒకటి ఈ మధ్య నా కంటపడింది. ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. ఎడమ పక్కన ఇంజిన్ల పేర్లు, పైన వేగం, శబ్దం, ఇంధనం, పర్యావరణం అని గళ్లు, గళ్ల నిండా ఆకుపచ్చ టిక్కులు. అన్ని గళ్లలోనూ టిక్కు పడ్డ ఇంజిన్ ఒక్కటే. అది ఇంకా పుట్టలేదు.

ఇందులో తప్పు పట్టడానికేముంది? పుట్టని ఇంజిన్ చుక్క ఇంధనం తాగదు. ఎవరి నిద్రా చెడగొట్టదు. దాని బ్లేడు విరిగిన దాఖలా ఎక్కడా లేదు. అంత మచ్చలేనిదాన్ని పక్కనపెట్టి, కాంకార్డ్ విమానంలో ఇరవై ఏడేళ్లు నిజంగా ఎగిరిన ఒలింపస్ 593 ఇంజిన్‌కి మార్కులు వేసే అమాయకులుంటారా?

ఆ పరీక్షా సంఘం కొలువుతీరిన తీరు నాకు కళ్లకు కట్టినట్టుంది. ముందుగా ఒలింపస్‌ని పిలుస్తారు.

"ఇంతకుముందు ఎక్కడ చేశారు?"

"మావాళ్లు వల్కన్ బాంబర్‌లో చేశారండి. నేను కాంకార్డ్‌లో, 1976 నుంచి 2003 దాకా."

"టేకాఫ్‌కి ఆఫ్టర్‌బర్నర్ వెలిగిస్తారట? అదే, వెనక వేడి గాలిలో మళ్లీ ఇంధనం పోసి మండించేది?"

"వెలిగిస్తానండి. ధ్వని వేగం దాటేటప్పుడు మరి కాసేపు. మాక్ 1.7 దగ్గర, అంటే ధ్వని వేగానికి 1.7 రెట్ల దగ్గర, ఆర్పేస్తాను. ఆపైన మాక్ 2లో అది లేకుండానే లాక్కొస్తాను."

"అంతా మీ ఒక్కరి బలమేనా?"

ఒలింపస్ నిజాయితీపరుడు. నసుగుతాడు. "నా గొప్ప కాదండీ. ముందున్న గాలి ద్వారం, ఇన్‌టేక్, తన పలకలు కదుపుకుంటూ, మాక్ 2తో దూసుకొచ్చే గాలిని ధ్వని వేగంలో సగానికి దించి నా చేతికిస్తుంది. ఆ వేగంలో విమానాన్ని తోసే బలంలో సగానికి పైగా దాని వాటాయే."

సభ్యులు పట్టికంతా వెతుకుతారు. ఇన్‌టేక్‌కి గడి లేదు. గడి లేనిదానికి మార్కులెక్కడివి? సున్నా.

తర్వాత సోవియట్ ఎన్‌కె-144. వాళ్ల సూపర్‌సానిక్ విమానం టు-144లో 1977 నవంబరు నుంచి 1978 జూన్ దాకా, ప్రయాణికులతో 55 సార్లు తిరిగిన అనుభవం. ఏదో చెబుతూనే ఉంటాడు, ఎవరికీ వినపడదు. ఆ విమానంలో పక్క సీటువాళ్లు చీటీల మీద రాసుకుని మాట్లాడుకునేవారని చెబుతారు కదా, సంఘమూ చీటీ పంపుతుంది: "ఆఫ్టర్‌బర్నర్ ఎప్పుడు ఆర్పుతారు?" జవాబు చీటీ వస్తుంది: "దిగేటప్పుడు."

చివరికి మన పుట్టని ఇంజిన్‌ని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని తెస్తారు. విప్పి గోడకు అంటిస్తారు. శబ్దం? గది నిశ్శబ్దం. పొగ? లేదు. బరువు? అంటించిన టేపుతో కలిపి వంద గ్రాములు. సంఘం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లే ఆ రోజు పెద్ద శబ్దం.

వెటకారం చేస్తున్నాననుకుంటున్నారా? బూమ్ అనే కంపెనీ తయారుచేస్తామన్న సూపర్‌సానిక్ విమానాల్ని కొంటామని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2021లోనే ప్రకటించింది. (చప్పుడు తగ్గిస్తామనేవాళ్లు పెట్టుకున్న పేరు అదీ.) 2022 ఆగస్టులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 20 విమానాలకు బయానా కట్టింది. సెప్టెంబరులో ఇంజిన్ సంగతి చూస్తున్న రోల్స్‌రాయిస్ తప్పుకుంది. డిసెంబరులో కొత్త ఇంజిన్‌కి నామకరణం జరిగింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సింఫనీ. వాళ్ల చిన్న నమూనా విమానం 2025 జనవరిలో ధ్వని వేగం దాటింది, కాదనను. దాన్ని తోసినవి మాత్రం 1950లనాటి జె85 ఇంజిన్లు మూడు. అంతకుముందు ఏరియన్ అనే మరో సూపర్‌సానిక్ విమాన కంపెనీదీ ఇదే వరస: 2018లో జీఈ వారి అఫినిటీ ఇంజిన్ గురించి ఘనంగా చెప్పారు, 2021లో కంపెనీయే మూతపడింది.

ఇక ఆ 'శబ్దం' గడి. విమానాన్ని తోయాలంటే ఎక్కువ గాలిని మెల్లగా వెనక్కి నెట్టాలి, లేదా కొద్ది గాలిని విసురుగా చిమ్మాలి. మామూలు పెద్ద విమానాలది మొదటి దారి. వాటి కొత్త ఇంజిన్లలో లోపల ఒక పాలు గాలి మండితే, చుట్టూ పది పాళ్లు ఊరికే సాగిపోతుంది. మాక్ 2లో అంత వెడల్పు మొహం పెట్టుకుని పోలేం, ఎదురుగాలే మింగేస్తుంది. అందుకే సన్నటి ఇంజిన్, విసురైన జెట్. జెట్ వేగం పెరిగితే శబ్దశక్తి దాని ఎనిమిదో ఘాతంలో పెరుగుతుందని శాస్త్రవేత్త లైట్‌హిల్ 1952లోనే లెక్కకట్టి చెప్పాడు. వేగం రెట్టింపైతే శబ్దశక్తి 256 రెట్లు. ఇది టిక్కు పెడితే పోయేది కాదు.

మరి ఆ గడి అంత చిన్నదిగా గీసిందెవరు? రన్‌వే కొసన ఇల్లున్నవాడా? వాణ్ణి ఆ గదిలోకి ఎవడు రానిచ్చాడు? 1977లో న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయం చుట్టుపక్కలవాళ్లు కాంకార్డ్ వద్దని కార్లు వరసకట్టించి నెమ్మదిగా నడుపుతూ దారులన్నీ నింపేశారు. వాళ్లలో ఎంతమంది ఆ టిక్కెట్టు కొనగలరు? పైన వందమందికి మూడు గంటలు మిగలడానికి కింద వేలమంది పిల్లలు ఉలిక్కిపడి లేవాలా? ఇది ఇంజనీరింగ్ మూల్యాంకనం కాదు, ఒకడి నిద్ర ఇంకొకడు అమ్ముకోవడం. సిగ్గుండాలి.

సరే, మర్యాదగానే ముగిద్దాం. మామూలు విమానం ఇంజిన్ పూర్తి బలం చూపేది టేకాఫ్‌లో కొద్ది నిమిషాలు. సూపర్‌సానిక్ ఇంజిన్ గంటల తరబడి ఆ వేడిలోనే కాగుతూ ఉండాలి. అందుకే పట్టిక గీసినాయన్ని ఒక్కటే అడిగాను: "టెస్ట్ బెంచి మీద ఆపకుండా ఎన్ని గంటలు తిరిగింది?"

ఆయన కాసేపు ఆలోచించి, స్కేలు తీసి కొత్త గడి గీశారు. అందులో 'త్వరలో' అని రాసి, ఆకుపచ్చ టిక్కు పెట్టారు.