రొయ్య ధర పడితే ఉద్గారాలు తగ్గినట్టా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలకు కొత్త లెక్కొకటి వచ్చి పడింది. విదేశీ కొనుగోలుదారు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), రేటుతో పాటు కర్బన ఉద్గారాల చిట్టా కూడా అడుగుతున్నాడు. లిస్టయిన మొదటి వెయ్యి కంపెనీలకు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి ఈ నివేదిక తప్పనిసరి చేసింది. సొంతంగా కాల్చే ఇంధనం స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2. ఈ రెండూ చూపించి తీరాలి. కొన్న సరుకు వెనకున్నవాటి లాంటి మిగతా ఉద్గారాలన్నీ స్కోప్ 3. అది మాత్రం కంపెనీ ఇష్టం. రొయ్యల వ్యాపారంలో అసలు బరువంతా ఆ మూడో పద్దులోనే ఉంది.

గేటు లోపలి లెక్క సులువే. డీజిల్ లీటరుకు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్, గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.72 కిలోలు. బిల్లులు తీసి గుణించడమే. తప్పిపోయేదల్లా కోల్డ్ స్టోరేజీని చల్లబరిచే గ్యాస్. అమ్మోనియా ప్లాంటుకు ఆ బెడద లేదు. ఆర్-404ఎ అనే గ్యాస్ వాడితే మాత్రం పది కిలోలు లీకైనా 39 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే దాదాపు 14,500 లీటర్ల డీజిల్ తగలబెట్టినంత. గ్యాస్ నింపిన రిజిస్టర్ అడగకుండా సంతకం పెట్టే ఆడిటర్‌ను నమ్మలేం.

గేటు దాటాక జరిగేది మరీ విడ్డూరం. రొయ్యలకు ఎన్ని రూపాయలు కట్టారో చూసి, రూపాయికి ఇంత ఉద్గారమని ఓ సగటుతో గుణించేస్తారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరింది, చెరువు గట్టు మీద రేటు పడింది. కిలో 240 రూపాయలది 200కు దిగిందనుకుందాం. అదే రొయ్య, అదే మేత, నీటిలో గాలి కలిపే అవే ఏరియేటర్లు. నివేదికలో మాత్రం ఉద్గారాలు ఆరో వంతు మాయం! రైతు నష్టపోతే కంపెనీ పచ్చబడిందన్నమాట.

చెరువు దగ్గర లెక్కేస్తే వేరే సంగతి తేలుతుంది. ఎకరా వనామీ రకం రొయ్యల చెరువులో 2 హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగు, రోజుకు 12 గంటలు, 100 రోజులు తిరిగాయనుకోండి. ఒక్కోటి గంటకు యూనిటున్నర లాగుతుంది కనుక పంటకు 7,200 యూనిట్లు, 5.2 టన్నులు. పట్టుబడి రెండు టన్నులైతే కిలో రొయ్యకు 2.6 కిలోలు. వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలి 60వ రోజునే 600 కిలోలకు పట్టేశారా, కిలోకు 5.2 కిలోలు. అంటే రెట్టింపు. కరెంటు పోయినప్పుడు తాగే జనరేటర్ డీజిల్, మేత వెనకున్న సోయా, చేపపొడి ఇంకా ఇందులో కలపనేలేదు. జబ్బును ఆపడమే ఇక్కడ ఉద్గారాలను తగ్గించడమని రూపాయల పద్ధతి ఏ జన్మలోనూ చెప్పదు.

వేలమంది చిన్న రైతుల దగ్గర కాగితాలెక్కడివి, సగటు లెక్కను ఉద్గారాలు లెక్కగట్టే ప్రమాణాలే ఒప్పుకుంటున్నాయి కదా అంటారు కంపెనీలవాళ్లు. ఒప్పుకుంటున్న మాట నిజమే. కానీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మీటరుంది, మేత డీలర్ దగ్గర ఖాతా ఉంది. ఆకివీడు, ఉండి, మొగల్తూరు వైపు కొన్ని చెరువులను నమూనాగా తీసుకుని యూనిట్లు, మేత బస్తాలు, డీజిల్, పట్టుబడి రాస్తే చాలు. యాంటీబయాటిక్ పరీక్షల కోసం ఏ చెరువు సరుకో గుర్తుపెట్టుకునే కంపెనీకి ఇది చేతకాదా?

అసలు చిక్కు కౌలు దగ్గర. గోదావరి డెల్టాలో చాలా చెరువుల్లో మీటరు భూస్వామి పేరున, మేత బాకీ కౌలు రైతు పేరున ఉంటాయి. యూనిట్ రూపాయిన్నరకే ఇచ్చే రాయితీ కరెంటు అందాలన్నా, పంట పోతే పరిహారం రావాలన్నా రికార్డులో కనపడేది భూస్వామే. 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చినా యజమాని సంతకం లేనిదే కౌలు కార్డు చేతికి రాదు. రేపు ఈ కర్బన చిట్టా కూడా అదే దారి పడితే, తక్కువ కరెంటుతో బాగా పండించిన పేరు, దానికి ఎగస్ట్రా రేటు వస్తే ఆ రేటు, రెండూ నరసాపురంలోనో హైదరాబాద్‌లోనో కూర్చున్న ఆసామి ఖాతాకే పోతాయి. కాబట్టి చిట్టా సాగు చేసేవాడి పేరునే తెరవాలి. రోజూ మీటరు చూసి రాసే పనికి కంపెనీ కిలో లెక్కన డబ్బు కట్టాలి, పట్టుబడి రోజునే, రొయ్యల బిల్లుతో కలిపి.