శ్రీలంక భయం సరే, పాకిస్తాన్‌ని కూడా చూడండి

2022లో విజయవాడలో టీ కొట్టు దగ్గరైనా, టీవీ చర్చలోనైనా ఒకటే మాట వినిపించేది: "ఈ అప్పులతో మన రాష్ట్రం శ్రీలంక అయిపోతుంది." అప్పుల మీద కోపం సబబే గానీ పోలిక కుదరదు. ఆంధ్రప్రదేశ్‌కి సొంత కరెన్సీ లేదు, పెట్రోలు కోసం అది డాలర్లు వెతుక్కోనక్కర్లేదు. శ్రీలంకను ముంచింది ఆ డాలర్ల కరువే. ఆ ఏడాదే పాకిస్తాన్ కూడా దెబ్బతింది. ఆ జబ్బు వేరు, నా లెక్కలో అదే ఎక్కువ ప్రమాదం.

శ్రీలంక 2019 చివర్లో వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించింది. అదే ఏడాది ఈస్టర్ బాంబు దాడులు, ఆ వెంటనే కోవిడ్. టూరిస్టులు రాలేదు, డాలర్లూ రాలేదు. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించారు. పైకి సేంద్రియ వ్యవసాయం అన్నారు, లోపల దిగుమతి బిల్లు తగ్గుతుందన్న ఆశ కూడా ఉంది. యూరియా ఉన్నట్టుండి ఆపేస్తే వరి ఏమవుతుందో తెనాలి రైతు ఎవరైనా చెప్పేవాడు. వరి, తేయాకు రెండూ దెబ్బతిన్నాయి. ఎరువుల మీద మిగుల్చుకుందామనుకున్న డాలర్లు బియ్యం కొనడానికి పోయాయి. 2022 ఏప్రిల్‌లో, సుమారు 51 బిలియన్ డాలర్ల విదేశీ అప్పు నెత్తిన ఉండగా, చెల్లింపులు ఆపేస్తున్నామని ప్రకటించారు. జూలైలో జనం అధ్యక్ష భవనంలోకి చొరబడ్డారు, గొటబాయ రాజపక్స దేశం వదిలి పోయారు. గుంటూరు మిర్చి యార్డు నుంచి కొలంబోకి సరుకు పంపేవాళ్లకి ఈ కథ ఎవరూ చెప్పక్కర్లేదు. కొనేవాడి దగ్గర డాలర్ లేకపోతే బ్యాంకులో ఎల్‌సీ (సరుకు డబ్బుకి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరుచుకోదు.

కానీ శ్రీలంక కోలుకుంది. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) దాదాపు 3 బిలియన్ డాలర్ల రుణం మంజూరు చేసింది. 70 శాతం దాకా ఎగిరిన ద్రవ్యోల్బణం అదే ఏడాది జూలైకల్లా ఒక అంకెలోకి దిగింది. జనం మీద పన్నుల భారం పడిందనుకోండి, అది వేరే కథ. మొత్తానికి చెరువులు, పొలాలు, తేయాకు తోటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. లోటు పడింది డబ్బుకే.

పాకిస్తాన్‌లో డబ్బుకి లోటుంది, దానికి తోడు నేలా నీరూ కూడా దెబ్బతిన్నాయి. 24 కోట్ల జనాభా, పంట దాదాపు మొత్తం సింధు నది కాలువల మీదే. 2022 వరదల్లో 1,700 మందికి పైగా చనిపోయారు, 3.3 కోట్ల మంది దెబ్బతిన్నారు, నష్టం 30 బిలియన్ డాలర్లు దాటింది. సింధ్‌లో పట్టణాల్ని కాపాడటానికి మంచర్ సరస్సు కట్టను ప్రభుత్వమే తెంచింది, నీళ్లు పల్లెల మీద పడ్డాయి. చాలాచోట్ల అవి నెలల తరబడి తీయలేదు. పోయే దారి లేక.

ఇది మనకు కొత్త సంగతి కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినా, విజయవాడలో సింగ్ నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, గండ్లు పడిన బుడమేరు వాగు. వాన ప్రకృతిది, నీటి దారిలో ఇళ్లు కట్టనిచ్చింది మనం. మరమ్మతుకు డబ్బు కావాలి. పాకిస్తాన్ కేంద్ర ప్రభుత్వ ఆదాయంలో సగానికి పైగా వడ్డీలకే పోయే స్థితిలో, కాలువ బాగుచేయడానికి మిగిలేదెంత? కట్టలు బలహీనపడేకొద్దీ తర్వాతి వరద నష్టం పెరుగుతుంది, దానికి మళ్లీ అప్పు. 2025లోనూ అక్కడ పెద్ద వరదలే వచ్చాయి.

అయినా పాకిస్తాన్ ఇంతవరకు శ్రీలంకలా చేతులెత్తేయలేదు. అణ్వాయుధాలున్న దేశాన్ని కూలనివ్వడానికి ఎవరికీ ధైర్యం లేదు. చైనా, సౌదీ అప్పుల గడువులు పొడిగిస్తాయి, ఐఎంఎఫ్ 2024లో మరో 7 బిలియన్ డాలర్ల కార్యక్రమం ఇచ్చింది. అదే దాని దురదృష్టమూ అంటాను. శ్రీలంకకు ఆ ఊరట లేదు కాబట్టి పాలకుల్ని మార్చుకుంది, పన్నులు పెంచుకుంది. ఇప్పుడు దానికీ పాకిస్తాన్ లాంటి రెండో రకం పరీక్ష మొదలైంది. 2025 నవంబర్‌లో దిత్వా తుపాను వందల ప్రాణాలు తీసింది, రోడ్లు, రైలు మార్గాలు కొట్టుకుపోయాయి. 2028 నుంచి ఇతర దేశాలకు బాకీ ఉన్న అప్పుల అసలు కట్టడం మొదలవ్వాలి.