పడిపోయిన విశ్వాసికి రక్షణ నిశ్చయత ఎక్కడిది?

నెలలో మొదటి ఆదివారం, యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఆచరిస్తున్న సమయం. రొట్టె పళ్లెం చివరి వరుసకు వచ్చేసరికి నడివయసు విశ్వాసి ఒకరు దాన్ని అందుకొని, ముక్క తీసుకోకుండానే పక్కవారికి ఇచ్చేశారు. ద్రాక్షరసం గ్లాసులు వచ్చినప్పుడూ అంతే. బాప్తిస్మం నాడు మానేసిన తాగుడు ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ మొదలైందని, అప్పటినుంచి బల్లలో పాలుపొందడం లేదని ఆయనే తర్వాత నాతో చెప్పారు. "నా రక్షణ పోయినట్టేనండి" అన్న ఆ మాటలో బాధకంటే తీర్పే ఎక్కువగా వినిపించింది.

మన సంఘాల్లో ఇలాంటివారు అరుదు కాదు. సాక్ష్యం చెప్పేటప్పుడు ఫలానా సంవత్సరం, ఫలానా కూటాల్లో రక్షించబడ్డానని చెప్పడం మనకు అలవాటు. జీవితం తిన్నగా సాగినంతకాలం ఆ తేదీ ధైర్యాన్నిస్తుంది. పడిపోయిన రోజున మాత్రం విశ్వాసి ఆ తేదీనే అనుమానిస్తాడు. ఆనాటి మారుమనస్సు నిజమైనదేనా, మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా అని మథనపడతాడు. రక్షణ ఉందన్న నిశ్చయతను మన అనుభవం మీద, మన నడత మీద కట్టుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇదని నేను నమ్ముతున్నాను.

యేసు శిష్యుడు పేతురు పడిపోయిన తీరును ఈ దృష్టితో మరోసారి చదవాలి. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట బంట్రౌతులతో కలిసి చలి కాచుకుంటూ ఆయన ప్రభువును ఎరుగనని అన్నాడు. యోహాను సువార్త 18వ అధ్యాయంలో ఆ మంటకు వాడిన గ్రీకు మాటకు బొగ్గుల నిప్పు అని అర్థం. ఆ మాట కొత్త నిబంధన అంతటిలో ఇంకొక్కచోటే కనిపిస్తుంది: 21వ అధ్యాయంలో, పునరుత్థానుడైన యేసు తిబెరియ సముద్రతీరాన చేపలు కాలుస్తున్న చోట. మన తెలుగు బైబిలులో మొదటిచోట మంట అని, రెండోచోట నిప్పులు అని ఉండటంతో ఈ పోలిక మన కంటపడదు. ఒడ్డుకు చేరిన పేతురుకు ఆ బొగ్గుల వాసన ఏ రాత్రిని గుర్తుచేసి ఉంటుందో ఊహించండి. మూడుసార్లు ఎరుగనన్నవాడిని యేసు అలాంటి నిప్పు దగ్గరే మూడుసార్లు "నన్ను ప్రేమిస్తున్నావా" అని అడిగాడు. పాపాన్ని కప్పిపుచ్చలేదు, దాన్ని చూపించి శిష్యుణ్ణి వెళ్లగొట్టనూ లేదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి లూకా 22లో ఉంది. పేతురు ఎరుగననడానికి ముందే, అతని నమ్మిక తప్పిపోకుండా తాను వేడుకొన్నానని, మనసు తిరిగిన తరువాత సహోదరులను స్థిరపరచమని ప్రభువు చెప్పాడు. అంటే ఆ రాత్రి జరిగింది పేతురుకు విస్మయం కలిగించింది కానీ, అతన్ని పిలిచినవాడికి ముందే తెలుసు. విశ్వాసి నిశ్చయతకు ఆధారం ఈ విజ్ఞాపన. అతను దాన్ని సంపాదించలేదు కాబట్టి అతని పతనంతో అది రద్దు కాదు.

ప్రభువును పట్టించిన యూదా కూడా ఏడ్చి ఉండవచ్చు. మత్తయి 27లో అతడు పశ్చాత్తాపపడి వెండి నాణేలు తిరిగి తెచ్చాడని ఉంది. అక్కడి గ్రీకు మాట వేరు, మనం మారుమనస్సు అని అనువదించే మాట వేరు. చేసినదానికి కుమిలిపోవడం ఇద్దరిలోనూ ఉంది. యూదా ఆ కుమిలిపోవడంతోనే చీకట్లోకి వెళ్లిపోయాడు, పేతురు మాత్రం పడవ దిగి ఒడ్డుకు వచ్చాడు.

సంఘ చరిత్రలోనూ ఈ ప్రశ్న నెత్తుటితో వచ్చింది. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞాపించినప్పుడు చాలామంది క్రైస్తవులు భయపడి లొంగిపోయారు. కొందరు బలి అర్పించకుండానే అర్పించినట్టు ధ్రువపత్రాలు సంపాదించారు. హింస తగ్గాక వారు తిరిగి వస్తే సంఘంలో చేర్చుకోకూడదని రోమాలో నొవాటియన్ అనే సంఘ పెద్ద పట్టుబట్టాడు. కార్తేజు బిషప్ సిప్రియన్ విచారణ, పశ్చాత్తాప కాలం పెట్టి తిరిగి చేర్చుకునే మార్గాన్ని సమర్థించాడు. ఆయనే 258లో హతసాక్షి అయ్యాడు, కాబట్టి ఆ మెతకదనాన్ని పిరికితనమని అనలేం.

రక్షణ కోల్పోవచ్చా అన్న ప్రశ్నకు లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలు ఒకే జవాబు ఇవ్వవు. కానీ 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం చూపిన భేదం అందరికీ పనికొస్తుంది: ఏదైనా పాపంలో పడినప్పుడు నిజమైన విశ్వాసి నిశ్చయత కూడా కదిలిపోవచ్చు, నిశ్చయత కదిలినంతమాత్రాన రక్షణే పోయిందని కాదు. తప్పిపోయినవారిని మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమనే హెబ్రీయులకు 6వ అధ్యాయం చదివి బెంబేలెత్తేవారు 9వ వచనం దాకా చదవాలి. అంత కఠినంగా హెచ్చరించినవాడే, వారు రక్షణకరమైన స్థితిలో ఉన్నారని రూఢిగా నమ్ముతున్నానని అక్కడ చెప్పాడు.

దీన్ని తప్పుడుగా వాడుకునేవారూ ఉన్నారు. సంఘం సొమ్ము కాజేసిన, నమ్మి వచ్చినవారిపై చెయ్యి వేసిన నాయకుడు "దేవుడు క్షమించాడు" అంటూ మరుసటి వారమే ప్రసంగపీఠం ఎక్కుతుంటే, గాయపడినవారి నోరు మూయించడానికే కృపను ఎత్తిచూపుతున్నట్టు. క్షమాపణ వేరు, పదవి వేరు, చట్టం ముందు జవాబుదారీ వేరు. జక్కయ్య తన ఇంటికి వచ్చిన రక్షణను ప్రదర్శించుకోలేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. పాపం వల్ల నష్టపోయిన మనిషి ఉన్నప్పుడు ఆ మనిషి వైపు నడవని పశ్చాత్తాపాన్ని నేను నమ్మలేను.

అయితే ఆ చివరి వరుసలోని సహోదరుడి సంగతి అది కాదు. ఆయన ఎవరినీ మోసగించి పీఠం ఎక్కాలనుకోవడం లేదు. అయోగ్యంగా తిన్నవాణ్ణి పౌలు హెచ్చరించిన మాటకు భయపడి పళ్లెం పక్కకు జరుపుతున్నారు. 1 కొరింథీయులకు 11వ అధ్యాయంలో ఆ మాట తినే తీరు గురించినది. వెంటనే 28వ వచనంలో, ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకొని, ఆలాగు చేసి రొట్టె తినాలని ఉంది. పరీక్షించుకొని లేచి వెళ్లిపొమ్మని లేదు. నేను ఆయనకు ఆ వచనం చదివి వినిపించాను. తిబెరియ ఒడ్డున యేసు ఆ మూడు ప్రశ్నలు ఎప్పుడు అడిగాడో కూడా చూపించాను. "రండి, భోజనం చేయండి" అని ముందు పిలిచాడు; ప్రశ్నలు వారు తిన్న తరువాతే.